లక్క పూసిన గోడలు

ఈ యేటి వానలు వెనుకపట్టిన పిమ్మట ఒక మధ్యాహ్నమున, మా మాతామహుల నాటి యింట పడసాలలో కూర్చుండి నేను చదువుకొనుచుండగా, పడమటి గోడ మీదినుండి అరచేతి వెడల్పు గల పెచ్చొకటి ఎవరును తాకకయే ఊడి, తెరచిన పుట మీద వచ్చి పడినది. విసరి పారవేయబోయి, ఏమి తోచినదో, దానిని కిటికీ వెలుగునకు పట్టి చూచితిని. పై పొర మూడేండ్ల క్రిందట వేయించిన ఎమల్షను. అది వంచిన వంగును గాని విరుగదు. దాని క్రింద ఆకుపచ్చని ఎనామిలు, కుండపెంకు వలె బిరుసెక్కి, నడివేసవి చెరువు మట్టి వలె నెరియలు విచ్చి యున్నది. దాని వెనుక లేత గులాబి డిస్టెంపరు. ఆ వెనుక సున్నపు పూతలు, నీలిమందు పాలు ఒకదాని కెక్కువ, ఒకదానికి తక్కువ కాగా, పాత పుస్తకపు కాగితముల అంచుల వలె ఒకదానిపై నొకటి ఒదిగి కనబడినవి. పదునాలుగు వరకు లెక్కించి, కన్ను చెదరి విరమించితిని. ఏటేట సంక్రాంతికి ముందొక పూత చొప్పున వేసినవే యైనచో, అడుగు పొర తాను పుట్టకమునుపటిదని మా పిన్ని తేల్చినది. అన్నిటికిని వెనుక, గోడ నంటియున్న వైపున, పిండి వంటి తెల్లని పొడి యున్నది. నాలుక కొనకు తాకించి చూచితిని, ఉప్పన. అట్లు రుచి చూచుట బుద్ధిమంతుని పని కాదు. ఎందువలన కాదో మున్ముందు చెప్పెదను.

గోడలు పెచ్చులూడుట మన యిండ్లలో ఎవరికిని వింత గాదు. దానికి మన మెరిగిన చికిత్సలు రెండు. చుట్టములు వచ్చునప్పుడు ఆ చోట కేలండరు తగిలించుట మొదటిది. పండుగ ముందర ఆ పెచ్చుల మీదనే మరియొక పూత పూయించి కన్నులు మూసికొనుట రెండవది. నేను రెంటిని చేసి చూచినవాడను. ఈ పర్యాయము మాత్రము, ఆ యింటికి పూర్వము పని చేసిన వృద్ధుడగు తాపీమేస్త్రిని పిలిపించితిని. ఆయన రంగు వంక చూడనే లేదు. చెవి గోడకు దగ్గరగా చేర్చి, వ్రేళ్ల కణుపులతో అడుగడుగునకు తట్టుచు పోయి, డొల్ల పలికిన చోటనెల్ల బొగ్గుతో గీత పెట్టి, తుదకు తిరిగి నిలిచి, "పైది గట్టిదండి, లోపలిది మెత్తనండి. గోడ తాగిన నీళ్లు కక్కుకోవాలి గదండీ బాబుగారూ, మీరు మూతి కట్టేశారు" అనెను.

ఈ మాట వినినంతనే నా మనస్సు అజంతా గుహలకు పోయినది. పడసాల గోడకును అజంతాకును ఏమి సంబంధమని చదువరులు నవ్వుదురేమో. కాని మేస్త్రి పలికిన ఆ రెండు వాక్యములే, అజంతా చిత్రముల కడచిన నూరేండ్ల చరిత్ర. అందులో మన హైదరాబాదునకు చిన్నది గాని పాత్ర యున్నది.

1819వ సంవత్సరము ఏప్రిలులో మదరాసు అశ్వికదళమునకు చెందిన జాన్ స్మిత్ అను నాంగ్లేయాధికారి పులివేటకు పోయి, వాఘోరా యేటి కెదురుగా నున్న కొండచరియలో ఈ గుహలను గాంచి, పదవ గుహలోని స్తంభముపై, ప్రాచీన చిత్రమును లెక్కసేయక, తన పేరును తేదీని చెక్కి పోయెను. గోడల మీద పేర్లు వ్రాయు మన పర్యాటకులకు ఆయనయే ఆదిపురుషుడు. అప్పటినుండి చిత్రములను రక్షించుట యనగా వానికి ప్రతులు వ్రాయుటయే యని పెద్దలు తలంచిరి. 1844లో నియుక్తుడైన రాబర్ట్ గిల్, మదరాసు సైన్యమువాడే, ఆ గుహలయొద్దనే కాపురముండి యేండ్ల తరబడి శ్రమించి వ్రాసిన తైలచిత్రములు లండను క్రిస్టల్ ప్యాలెసున ప్రదర్శింపబడి, 1866లో అగ్నికి ఆహుతియైనవి. మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. తరువాత బొంబాయి చిత్రకళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన శిష్యులతో 1872 మొదలు పదుమూడేండ్లు వ్రాయించిన ప్రతులలో పెక్కింటిని 1885లో సౌత్ కెన్సింగ్టనున మరియొక యగ్ని మింగినది. ప్రతులు పోయిన పోవుగాక. మూలమునకు కలిగిన హాని యింకొక తీరుది. మాసి మసకబారిన రంగులు స్పష్టముగా కనబడుటకై, ప్రతులు వ్రాయువారు గోడలపై వార్నీషు పూసిరి. తడి గులకరాయి మెరసినట్లు బొమ్మ ఒక్క క్షణమున మెరసినది. ఆ మెరుపునకు మూల్యము తరువాతి తరమువారు చెల్లించిరి.

నాడు అజంతా నిజాము రాజ్యములోనిది. 1914లో హైదరాబాదు సంస్థానమున పురావస్తు శాఖ యేర్పడగా, దానికి తొలి యధ్యక్షుడైన గులాం యజ్దానీ పండితుడు అజంతాను తన కంటిపాపవలె చూచుకొనెను. 1909 మొదలు లేడీ హెరింగ్‌హాం చేయించిన ప్రతుల పనిలో నందలాల్ బోసు, అసిత్ హల్దారు మొదలగు వంగ యువకుల సరసన హైదరాబాదు చిత్రకారులైన సయ్యద్ అహ్మదు, ఫజలుద్దీనులును కూర్చుండి వ్రాసిరి. కాని 1920 నాటికి ప్రతులతో సరిపుచ్చుకొన వీలులేని దశ వచ్చినది. బొమ్మలు పెచ్చులు పెచ్చులుగా లేచి, గాలి తాకిడికే రాలుచుండెను. అప్పుడు నిజాము ప్రభుత్వము, కుడ్యచిత్ర రక్షణలో పేరుపొందిన ఇటలీ దేశమునుండి లొరెంజో చెక్కోనీ యను నిపుణుని, ఆయనకు సహాయుడగు ఓర్సీనీ ప్రభువును రప్పించినది. వారు రెండు శీతకాలములు గుహలలో పనిచేసిరి. ఉబ్బిన గిలాబా వెనుకకు జిగురును ఎక్కించి రాతికి అంటించిరి. చిరిగిన యంచులకు గట్టి పూతతో కట్టు కట్టిరి. పాత వార్నీషును తీయగలిగినంత తీసిరి. పిదప, ఇక నూడకుండుటకై, బొమ్మలపై లక్కను ఆల్కహాలులో కరగించి పూసిరి.

లక్క మనకు క్రొత్తదా? వారణావతమున పాండవులకు కట్టించిన యిల్లు లక్కయిల్లు. మన ఆడుబిడ్డల గాజులు లక్క. ఏటికొప్పాక బొమ్మల మెరుపు లక్క. కర్రమీద అది కలకాలము నిలుచును. కర్ర మీది పూతయే గోడమీదికి వచ్చుట యిచ్చట జరిగిన పొరపాటు. లక్క పొర ప్రాతబడిన కొలది పసుపువారి, పిమ్మట గోధుమవన్నెకు దిగును, బిరుసెక్కును, ముడుచుకొనును. ముడుచుకొనునప్పుడు అది ఒంటరిగా ముడుచుకొనదు, తన్నంటియున్న రంగును గూడ గోడనుండి పెరికికొని పైకి చుట్టుకొనును. క్రింద నున్నది యేమి? అజంతా గోడకు పూసినది మట్టి. కొండరాతి నూకను, గడ్డిని, వరిపొట్టును, నారను కలిపి మెత్తిన మట్టి. దానిపై సున్నపు తెలుపు పలుచగా. ఆ తెలుపు ఆరిన పిమ్మట బంక కలిపి పూసిన జేగురు, పచ్చమన్ను, కాటుక నలుపు, దూరదేశమునుండి వచ్చిన లాజవర్దపు నీలము. వానకాలమున ఆ మట్టి చెమ్మ పీల్చి ఉబ్బును, వేసవిని ఆరి సన్నగిలును. పదునైదు వందల యేండ్లు ఆ పీల్పును కక్కును గోడ నడుపుకొని వచ్చినది. దాని మొగమున లక్క తొడిగిన పిమ్మట కదలెడు దేహమునకు కదలని చర్మ మేర్పడినది.

నేను విద్యార్థి దశలో మొదటిసారి ఆ గుహలకు పోయినపుడు, పద్మపాణి బోధిసత్త్వుని బొమ్మ చుట్టును పరచుకొనియున్న తేనెచాయను చూచి, ఆహా, ప్రాచీనుల వర్ణసంస్కార మెంత మృదువైనదని దినచర్యలో రెండు పుటలు వ్రాసికొంటిని. అందులో ప్రాచీనుల భాగమెంతయో, 1920 నాటి సీసాలోని భాగమెంతయో నాకిప్పటికిని నిశ్చయము గాదు. ఇటలీవారిని నిందించుట నా యుద్దేశము గాదు. వారు రాకుండిన యెడల, నేడు మనము చూచుచున్న బొమ్మలలో కొన్ని నేల మీద ధూళియై యుండెడివి. వారు అంటించిన భాగము నిలిచినది, పూసిన భాగము చెడినది. ఆ రెండు పనులకు గల భేదమును ఆనాడు ఎవరును ఎరుగరు. వారి దేశముననే, మిలాను నగరపు భోజనశాలలో లియొనార్డో ఆరిన గోడపై వ్రాసిన కడపటి విందు చిత్రము, చిత్రకారుడు జీవించియుండగనే పెచ్చులూడసాగినది. దానిని బాగుచేసినవారు చెరిపినంత కాలము చెరపలేదందురు!

మన పూర్వులకు గోడ సంగతి తెలియదని యనరాదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము, బొమ్మ వ్రాయుటతో పాటు గోడ చేయుటయు చెప్పినది. ఇటుకపొడి, మట్టి, గుగ్గిలము, మైనము, బెల్లము, సున్నము, మారేడు గుజ్జు మొదలగువానిని కూర్చి, జిగట బెరళ్ల నీటిలో నెల దినములు నానవేసి మెత్తుమన్నది. నెల దినములు! మన కాంట్రాక్టరు ఆ నెలలో ఇల్లు ముగించి గృహప్రవేశపు పాయసము గూడ త్రాగిపోవును. ఇంచుమించు మన కాలమునకు దగ్గరగా, 1730 ప్రాంతమున, ఐజాక్ పైక్ అను ఆంగ్లేయుడు మదరాసులో సున్నము చేయు పద్ధతిని వ్రాసి లండను రాజవిద్వత్సభకు పంపగా, వారు దానిని తమ పత్రికలో అచ్చువేసిరి. మన మేస్త్రీల రహస్యమంతయు అందున్నది: సున్నమును ఇసుకను గుట్టపోసి బెల్లపునీరు చల్లుట, పప్పుగింజలు ఉడికించిన నీరు, కరక్కాయ కషాయము కలుపుట, పైపూతకు పెరుగు, నేయి, కోడిగ్రుడ్డు తెల్లసొన చేర్చి నూరుట. గుల్ల సున్నముతో చేసిన ఆ మదరాసు గచ్చు, చలువరాతితో పోటీ పడునని యూరపువారు చెప్పుకొనిరి. వంటింటికి పోవలసిన దినుసులన్నియు గోడకు పోయినవేమని నవ్వరాదు. బెల్లము సున్నమును నిదానముగ ఆరనిచ్చును. నిదానముగా ఆరిన పూత నెరియలు విచ్చదు. తెల్లసొన మెరుపు నిచ్చును. సున్నపురాయిని కాల్చి, నీట చల్లార్చి, గోడకు పూయగా, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చికొని మరల రాయి యగుచున్నది. రాయి యైనను సూక్ష్మరంధ్రములతో గూడిన రాయి; చెమ్మ వచ్చిన దారినే పోవును.

అట్టి గోడను మనమేల విడిచితిమి? విడుచుటకు తగిన కారణమే యున్నది. వెల్ల వేసిన గోడకు వీపానించిన వాని చొక్కా తెల్లనగును. ఏటేట వేయవలెను. 1824లో ఇంగ్లాండున పుట్టిన పోర్ట్‌లండు సిమెంటు ఇరువదవ శతాబ్దమున మన యూళ్లకు రాగా, సున్నపు గానుగ తిప్పు ఎడ్లు వేరు పనికి పోయినవి. తలుపులకు వేయు ఎనామిలును, మెరయునను మురిపెముతో, గోడలకు వేసితిమి. సున్నము క్షారము, ఎనామిలు నూనె. ఈ రెంటికి చెమ్మ తోడైన సబ్బు పుట్టునని రసాయనశాస్త్రము చదివిన ప్రతి బాలునికి తెలియును. గోడకును రంగునకును నడుమ సబ్బు పుట్టిన పిమ్మట అది జారక యేమి చేయును? ఆపై 1953లో అమెరికాలో బజారుకు వచ్చిన నీటి అక్రిలిక్ రంగు, దాని సంతతియగు ఎమల్షనులు, క్రమముగా మనకును వచ్చినవి. అవి మంచివే. కాని పొడి రాలెడు సున్నము మీద వేసినచో అవి గోడ నంటవు. ఆ పొడిని అంటును. నేలనుండి పైకెక్కిన ఉప్పునీరు రంగు వెనుకకు వచ్చి ఆగి, నీరు ఆవిరికాగా, ఉప్పు గడ్డలు కట్టి, రంగును లోపలినుండి నెట్టివేయును. నేను రుచి చూచిన తెల్లపొడి అదియే.

రుచి చూడగూడ దన్న మాటకు వత్తును. పాత నూనెరంగులలో సీసము కలదు. గృహములకు వాడు రంగులో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీస ముండరాదని మన ప్రభుత్వము నిబంధన చేసినది 2016లో మాత్రమే. కావున అంతకు మునుపటి ఎనామిలును పొడిగా గరుకు కాగితముతో రుద్దినచో, ఆ ధూళి పసిపిల్లల రక్తములోనికి పోవును. మేస్త్రి ఈ లెక్కలేవియు ఎరుగడు. అయినను పిల్లలను పొరుగింటికి పంపించి, గోడను తడిపి, తడిమీదనే రేకుతో గోకి, పెచ్చులను గోతాములో కట్టించెను. ధూళి కంట పడునని ఆయన కారణము.

గోకుటకు ముందు ఆయన చేసిన పని యింకొకటి నాకు మిక్కిలి నచ్చినది. కిటికీ మూలనుండి ఏటవాలుగా క్రిందికి దిగిన పగులునకు అడ్డముగా, మైదా జిగురుతో రెండు వార్తాపత్రిక ముక్కలను బిగువుగా అంటించి, నాచేత తేదీ వ్రాయించెను. కాగితము చిరిగినచో గోడయే కదలుచున్నదని యర్థము. అప్పుడది పునాదుల జబ్బు, ఇంజనీరును పిలువవలసినదే, రంగువానితో తీరదు. నలువది దినములైనను చిరుగలేదు. ఇక సాలెగూడు వలె అల్లుకొన్న సన్నని గీతలు రంగులోనివే, గోడ నెరుగనివి. చెమ్మ యెచ్చటిదో తెలియుటకు నేను ఒక ప్లాస్టికు ముక్కను నాలుగు వైపుల గాలి దూరకుండ గోడకు అంటించి ఒక రాత్రి విడిచితిని. తెల్లవారి చూడగా నీటిబొట్లు గోడ వైపుననే యున్నవి. అవి గది వైపున నున్నచో చెమ్మ గాలిలోనిదని తలంపవలెను. మా గోడకు వెలుపల, డాబా మీది వాననీరు దిగు గొట్టము అతుకు విడి, ఎన్ని యేండ్లుగానో గోడలోనికే కారుచున్నది. మూడు పర్యాయములు రంగు వేయించిన నేను ఒక పర్యాయమైనను పెరటివైపునకు పోయి చూచి యెరుగను.

గొట్టము బాగుచేయించి, గోడను రెండు నెలలు నగ్నముగా విడిచిపెట్టితిమి. ఆ రెండు నెలలును మా యింట ఆడవారు నన్ను క్షమింపలేదు. ఆరుచున్న గోడ మీద దినదినమును ఉప్పు నూగు వలె లేచును. దానిని పొడి కుంచెతోనే దులుపవలెను గాని నీటితో కడుగరాదు, కడిగిన ఉప్పు కరగి తిరిగి గోడలోనికే పోవును. సంక్రాంతి వెళ్లిన పిమ్మట మేస్త్రి పగుళ్లను తాపీ మొనతో, పైన సన్నము లోపల వెడల్పుగా నుండునట్లు తెరచి, తడిపి, కుండలో పక్షము దినములు మగ్గిన సున్నమును సన్నని యిసుకతో కలిపి, ఒక్కసారి కాక రెండు మారులుగా పలుచగా అదిమెను. సిమెంటు వేయుమన్న మా పొరుగాయనకు ఆయన సమాధానము చెప్పలేదు. ప్రక్కగదిలో పూర్వ మెవరో సిమెంటు పెట్టిన అతుకును చూపెను. అతుకు చెక్కుచెదరలేదు, దాని చుట్టును ఉన్న సున్నపు గోడ మాత్రము పొడియై రాలియున్నది. సిమెంటు గోడలు గలవారికి ఈ సున్నపు వైద్యము పట్టదు. వారు గోడ పూర్తిగా ఆరువరకు ఓర్చి, ఊడునది మాత్రమే గోకి, అంచులను నున్నచేసి, క్షారమున కోర్చు ప్రైమరు వేసి, రంగును దట్టముగా ఒక్కపూత గాక పలుచగ రెండు పూతలు వేసికొనుట మేలు. పాత గోడకు మాత్రము దాని జాతి పూతయే కావలెను.

వెల్ల వేయుట చూడ ముచ్చటైన పని. మజ్జిగ కన్న పలుచనైన సున్నపు నీళ్లను తడి గోడపై కుంచెతో అడ్డముగా, పిదప నిలువుగా పూయుచుండగా, ఏమియు కనబడదు. నీళ్లు చల్లినట్లే యుండును. కూలి డబ్బు వృథా యని మనసున గొణుగుకొనుచు భోజనమునకు పోయి వచ్చునప్పటికి, గోడ తనంత తాను తెల్లబడి యుండును.

అజంతాలో గూడ పాత పూతను తీయు పనియే సాగినది. స్వాతంత్ర్యానంతరము కేంద్ర పురావస్తు శాఖ చేతికి వచ్చిన ఆ గుహలలో, ఆ శాఖ రసాయనజ్ఞులు 1999 మొదలు, లక్కను, పొగమసిని, గబ్బిలముల మలినమును ద్రావకములతో కొద్దికొద్దిగా తీయసాగిరి. తొమ్మిది, పది గుహలలో, పూర్వము నలుపుగా మిగిలిన చోటులనుండి క్రీస్తుపూర్వపు ముఖములు బయటికి వచ్చినవి. లక్క ప్రాతబడిన కొలది కరగుటకు మొండికెత్తును గనుక, పూయుట రెండు శీతకాలములలో ముగిసినను తీయుట తరములు పట్టుచున్నది.

మా పడసాలకు మూడవ పూత ఆరిన మరునాడు మా మామగారు వచ్చి, ఎప్పటివలె పడమటి గోడ కానుకొని కూర్చుండి, కాఫీ త్రాగి లేచునప్పటికి, వారి నేరేడుపండు వన్నె చొక్కాకు వీపంతయు తెల్లనైనది. ఆయన మెడ త్రిప్పి చూచుకొని, రెండు మారులు దులుపుకొని, "సున్నం వేయించావుటోయ్?" అని మాత్రము అడిగి, మరల ఆనుకొని కూర్చుండిరి.